పైకి విసిరిన బంతి ఆగిన చోట త్వరణం ఎందుకు సున్నా కాదు?

ప్రశ్న: నమస్కారం సార్. నేను ఇంటర్ ఫస్ట్ ఇయర్ ఎంపీసీ చదువుతున్నాను. పదో తరగతి వరకు మా ఊరి హైస్కూల్లో తెలుగు మీడియం. ఇప్పుడు కాలేజీ 18 కిలోమీటర్ల దూరం, ఇంగ్లిష్ మీడియం. రోజూ బస్సులో వెళ్ళి వస్తాను. లెక్కలంటే నాకు భయం లేదు కానీ ఫిజిక్స్‌లో సరళరేఖలో గమనం దగ్గరే ఆగిపోయాను. మూడు ఫార్ములాలూ నోటికి వచ్చు. లెక్క ఇస్తే మాత్రం ఏది వాడాలో తెలియక టెన్షన్ వస్తోంది. బంతిని పైకి విసిరితే పై చివర ఆగుతుంది కదా, అక్కడ త్వరణం సున్నా అని రాస్తే తప్పన్నారు. ఆగిన దానికి త్వరణం ఎలా ఉంటుంది? త్వరణం మైనస్ అయితే వేగం తగ్గుతుందని చదివాను. మరి కిందికి పడే బంతికి కూడా మైనస్ 9.8 అంటారేమిటి, దాని వేగం పెరుగుతోంది కదా? మీటర్ పర్ సెకండ్ స్క్వేర్ అంటారు, సెకనును స్క్వేర్ చేయడం ఏమిటి? ఇంకొక్కటి. 29.4 మీటర్ల ఎత్తున్న మేడ మీద నుంచి రాయిని సెకనుకు 24.5 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరితే ఎంతసేపటికి నేలను తాకుతుంది అని లెక్క. నాకు 6 సెకన్లు, మైనస్ 1 సెకను అని రెండు జవాబులు వచ్చాయి. మైనస్‌ది కొట్టేశాను. అది ఎందుకు వచ్చిందో తెలియదు.
– ఇంటర్ విద్యార్థిని, ప్రకాశం జిల్లా

సమాధానం: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "ఆగిన దానికి త్వరణం ఎలా ఉంటుంది?" అని అడిగావు చూడు, ఈ చాప్టర్ మొత్తంలో అడగాల్సిన ప్రశ్న అదే. ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. ఏటా ఆ బంతి ప్రశ్న ఇచ్చేవాణ్ణి. బాగా మార్కులు తెచ్చుకునే పిల్లలు కూడా సున్నా అనే రాసేవారు. అడగకుండా బట్టీ పట్టి వెళ్ళిపోయినవాళ్ళకి ఆ చిక్కు డిగ్రీ దాకా వెంటపడటం చూశాను. నువ్వు మొదట్లోనే అడిగావు, నాకు చాలా సంతోషంగా ఉంది.

చిక్కు సగం మన మాటల్లోనే ఉంది. "త్వరగా రా", "త్వరలో వస్తాను" అంటాం. త్వర అంటే తొందర. అందుకని త్వరణం అనగానే జోరుగా పోవడం అని మనసులో పడిపోతుంది. ఇంగ్లిష్‌లో యాక్సిలరేషన్ అన్నా బండి యాక్సిలరేటరే గుర్తొస్తుంది. ఆ అర్థంతో చూస్తే ఆగిన బంతికి త్వరణం ఉందనడం వింతగానే ఉంటుంది. ఫిజిక్స్‌లో మాత్రం ఆ మాటకు ఒక్కటే అర్థం: వేగం ఎంత చొప్పున మారుతోంది. వేగం ఎంత ఉంది అనేది దానికి సంబంధం లేని విషయం.

మీ ఇంటి మీద నీళ్ళ ట్యాంకు ఉంటే ఇలా ఆలోచించు. ట్యాంకులో నీటి మట్టం వేగం అనుకో. ఆ మట్టం ఎంత చొప్పున మారుతోందో అది త్వరణం. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయింది, అమ్మ అప్పుడే మోటారు వేసింది, మొదటి నీళ్ళు పడుతున్నాయి. ఆ క్షణంలో మట్టం సున్నా, కానీ మట్టం మారడం సున్నా కాదు. ఇప్పుడు తిరగేసి చూడు. ట్యాంకు నిండింది, మోటారు ఆపేశారు, ఇంట్లో ఎవరూ కుళాయి తిప్పలేదు. మట్టం బోలెడు, మార్పు సున్నా.

పరుగు పందెంలోనూ ఇదే జరుగుతుంది. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తాడు. పరుగు రెండో సగంలో అతని వేగం సెకనుకు 12 మీటర్లు దాటింది. అంత జోరులో ఉన్నప్పుడు అతని త్వరణం దాదాపు సున్నా, ఎందుకంటే అక్కడ వేగం ఇక పెరగడం లేదు. అతని త్వరణం బాగా ఎక్కువగా ఉన్నది స్టార్టింగ్ బ్లాకుల నుంచి లేచిన మొదటి అడుగుల్లో, అంటే వేగం చాలా తక్కువగా ఉన్నప్పుడు.

నువ్వు రోజూ బస్సెక్కుతున్నావు కాబట్టి నీకు పుస్తకం కంటే మంచి ల్యాబ్ దొరికింది. సీటు దొరకని రోజు గమనించు. బస్సు కదలగానే వెనక్కి తూలుతావు. బ్రేకు వేయగానే ముందుకు పడబోతావు. రోడ్డు బాగుండి బస్సు ఒకే వేగంతో పోతుంటే చెయ్యి వదిలేసినా నిలబడగలవు. ఆ వేగం 30 అయినా 60 అయినా తేడా తెలియదు. మన ఒంటికి వేగం తెలియదమ్మా, వేగంలో మార్పే తెలుస్తుంది. రైలు వంద దాటి పోతున్నా గ్లాసులో టీ తొణకకపోవడానికి కారణం అదే.

ఒక పని చెయ్యి. జీపీఎస్‌తో వేగం చూపించే యాప్ ఏదైనా ఫోన్‌లో పెట్టుకుని, స్టాపులో బస్సు కదిలిన దగ్గర్నుంచి అయిదు సెకన్లకోసారి అంకె రాసుకో. ఉదాహరణకు గంటకు 0, 9, 18, 25, 30, 33 కిలోమీటర్లు అని వచ్చాయనుకుందాం. పక్కనే తేడాలు రాయి: 9, 9, 7, 5, 3. మొదటి వరస వేగం, రెండోది త్వరణం సంగతి చెబుతుంది. చివరి దాకా వేగం పెరుగుతూనే ఉంది, త్వరణం మాత్రం తగ్గుతూ వచ్చింది. వేగం పెరుగుతున్నప్పుడే త్వరణం తగ్గవచ్చని నీ చేత్తో రాసిన అంకెల్లో చూశాక, ఆ రెండూ ఒకటే అనే భ్రమ మళ్ళీ రాదు.

ఇక ఆ స్క్వేర్ సంగతి. సెకనును ఎవరూ వర్గం చేయడం లేదు. ఒక రాయిని ఎత్తు నుంచి వదిలావనుకో, గాలి అడ్డు లెక్కలోకి తీసుకోవద్దు. ఒక సెకను తర్వాత దాని వేగం సెకనుకు 9.8 మీటర్లు. రెండు సెకన్లకు 19.6. మూడు సెకన్లకు 29.4. ఒక్కో సెకనుకూ ఏం కలుస్తోంది? "సెకనుకు 9.8 మీటర్లు" అనే వేగం కలుస్తోంది. ఆ మాట పూర్తిగా చెబితే "ప్రతి సెకనుకూ, సెకనుకు 9.8 మీటర్ల చొప్పున" అవుతుంది. ఇందులో సెకను రెండుసార్లు వచ్చింది, రెండూ వేరు వేరు పనులు చేస్తున్నాయి. ఒకటి వేగాన్ని చెప్పడానికి, ఇంకొకటి ఆ వేగం మారడానికి పట్టిన కాలం చెప్పడానికి. పొట్టిగా రాసుకుంటే స్క్వేర్ అయింది, అంతే. నమ్మకం కుదరకపోతే ఇది చూడు: బైకు 10 సెకన్లలో సున్నా నుంచి గంటకు 36 కిలోమీటర్లకు వచ్చింది. అంటే ప్రతి సెకనుకూ, గంటకు 3.6 కిలోమీటర్ల చొప్పున వేగం పెరిగింది. ఇక్కడ ఒక గంట, ఒక సెకను ఉన్నాయి, స్క్వేర్ ఎక్కడా లేదు. అదే త్వరణాన్ని మీటర్లలోకి, సెకన్లలోకి మారిస్తే 1 మీటర్ పర్ సెకండ్ స్క్వేర్ అవుతుంది.

ఇప్పుడు నీ బంతి దగ్గరికి వద్దాం. పై దిశ ప్లస్ అనుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి సెకనుకు 19.6 మీటర్ల వేగంతో విసురుదాం. విసిరినప్పుడు వేగం ప్లస్ 19.6. ఒక సెకను తర్వాత ప్లస్ 9.8. రెండో సెకను చివర సున్నా, బంతి పై కొసన ఉంది. మూడో సెకను చివర మైనస్ 9.8. నాలుగో సెకను చివర మైనస్ 19.6, మళ్ళీ నీ చేతిలోకి వచ్చింది. వరసగా తీసివేతలు చెయ్యి, తర్వాతి దాంట్లోంచి ముందుది. నాలుగుసార్లూ మైనస్ 9.8 వస్తుంది. 9.8 నుంచి సున్నాకు రావడం, సున్నా నుంచి మైనస్ 9.8కి పోవడం ఒకే రకం మార్పు. వేగం సున్నా మీదుగా దాటిపోయింది, సున్నా దగ్గర బస చేయలేదు.

"ఆగింది" అనే మాట ఇక్కడ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. బల్ల మీద పెట్టిన బంతి ఆగి ఉంది, రేపు చూసినా అక్కడే ఉంటుంది. విసిరిన బంతి పైన ఎంతసేపు ఆగింది చెప్పు? సెకనులో వందో వంతు? పై కొసకు చేరడానికి సెకనులో వందో వంతు ముందు అది సెకనుకు 9.8 సెంటీమీటర్ల వేగంతో పైకి పోతోంది. చేరాక సెకనులో వందో వంతు గడిచేసరికి అంతే వేగంతో కిందికి వస్తోంది. వెయ్యో వంతు తీసుకున్నా ఇదే కథ. సున్నా అనేది ఒక్క క్షణానిదే, దానికి వ్యవధి లేదు. ఇంకోలా కూడా చూడు. అక్కడ వేగం సున్నా, త్వరణం కూడా సున్నా అనుకుందాం. వేగం లేదు, మారే ఉద్దేశమూ లేదు. అప్పుడు బంతి 19.6 మీటర్ల ఎత్తున, ఆరంతస్తుల మేడంత ఎత్తులో, అలాగే వేలాడుతూ ఉండిపోవాలి. అది కిందికి దిగి వచ్చిందంటేనే అక్కడా త్వరణం ఉందని అర్థం. భూమి లాగడం అనే కారణం కింద ఉన్నప్పుడూ ఉంది, దారిలోనూ ఉంది, పై కొసనా ఉంది. మధ్యలో ఒక్క క్షణం సెలవు తీసుకోదు.

మైనస్ గుర్తు విషయంలోనూ మాటే మోసం చేస్తుంది. రుణం అంటే అప్పు. కాబట్టి రుణ త్వరణం అనగానే ఏదో తరిగిపోతోందని అనిపిస్తుంది. చాలా నోట్సుల్లో "రుణ త్వరణం అంటే వేగం తగ్గడం" అని ఒక్క వాక్యంలో రాసేస్తారు. నాకు ఆ వాక్యం అస్సలు నచ్చదు. ఎందుకంటే బండి ముందుకు పోతూ బ్రేకు వేసే లెక్కల్లో అది నిజమవుతుంది, ఇలాంటి చోట పిల్లల్ని ముంచుతుంది. మైనస్ చెప్పేది దిశ. మనం పై దిశను ప్లస్ అనుకున్నాం, భూమి కిందికి లాగుతోంది, కాబట్టి త్వరణం మొదటి నుంచి చివరి దాకా మైనస్. పైకి పోయేటప్పుడు వేగం ప్లస్, త్వరణం మైనస్. రెండూ ఎదురెదురు, కాబట్టి జోరు తగ్గింది. కిందికి వచ్చేటప్పుడు వేగం మైనస్, త్వరణమూ మైనస్. రెండూ ఒకే వైపు, కాబట్టి జోరు పెరిగింది. లెక్కలో త్వరణం గుర్తొక్కటే చూసి ఎప్పుడూ తీర్పు చెప్పకు. రెండు గుర్తులూ పక్కపక్కన పెట్టి చూడు.

నేను జోరు అన్నదానికి పుస్తకంలో మాట వడి. "వడివడిగా నడిచింది" అంటామే, అదే. వడికి దిశ లేదు, వేగానికి ఉంది. ఉదయం 18 కిలోమీటర్లు 45 నిమిషాల్లో వెళ్తే నీ సగటు వడి గంటకు 24 కిలోమీటర్లు. సాయంత్రం ఇంటికి తిరిగొచ్చాక ఆ రోజు మొత్తానికి నీ స్థానభ్రంశం, అంటే బయలుదేరిన చోటి నుంచి చేరిన చోటికి దిశతో సహా తిన్నగా ఉన్న దూరం, సున్నా. సగటు వేగమూ సున్నా. వేగానికి దిశ ఉంది కనుక, వడి మారకుండా దిశ మారినా త్వరణం ఉన్నట్టే. బస్సు గంటకు 36 కిలోమీటర్ల వడితో 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు తిరిగితే త్వరణం 2 మీటర్ పర్ సెకండ్ స్క్వేర్. ఇందాక బస్సు బయలుదేరేటప్పటి అంకెలతో లెక్క కడితే వచ్చేది 0.5 మాత్రమే. మలుపులో పక్క సీటు మీదికి ఒరిగేది ఇందుకే. దీని లెక్క తర్వాతి చాప్టర్లలో వస్తుంది, ఇప్పుడు తొందరపడనక్కర్లేదు.

ఫార్ములాల దగ్గరికి వెళ్ళే ముందు ఒక మనిషి గురించి చెప్పాలి. నాలుగు వందల ఏళ్ళ కింద ఇటలీలో గెలీలియోకి ఇదే సమస్య వచ్చింది. కిందికి పడే వస్తువు వేగం ఎలా పెరుగుతోంది? సెకన్ల ముల్లున్న గడియారం లేదు, రాయి కళ్ళ ముందే పడిపోతుంది. అందుకని ఆయన పడటాన్ని నెమ్మది చేశాడు. సుమారు 12 మూరల పొడవున్న చెక్క దూలానికి గాడి తీసి, అందులో నున్నటి తోలు పత్రం అతికించి, దూలాన్ని కాస్త ఏటవాలుగా పెట్టి కంచు గుండును దొర్లించాడు. కాలం కొలవడానికి పెద్ద పాత్రకు అడుగున సన్నటి గొట్టం పెట్టి, గుండు దొర్లినంతసేపూ కారిన నీళ్ళను పట్టి తూచాడు. ఎక్కువ నీళ్ళంటే ఎక్కువ కాలం. వందసార్లకు పైగా చేశాననీ, ప్రతిసారీ దూరం కాలం వర్గానికి అనులోమంగా వచ్చిందనీ 1638లో అచ్చయిన తన గ్రంథంలో రాశాడు. నువ్వు బట్టీ పట్టిన "½ ఏటీ స్క్వేర్" వెనక ఉన్నది ఆ తూచిన నీళ్ళే.

దీన్ని నువ్వూ ఆదివారం ఇంట్లో చేయవచ్చు. రెండు మీటర్ల ప్లాస్టిక్ పైపును నిలువునా రెండుగా కోయించు. ఒక సగాన్ని నేల మీద పెట్టి, ఒక కొసను జానెడు ఎత్తున ఇటుకల మీద ఆనించు. పై నుంచి కొలుచుకుంటూ 10, 40, 90, 160 సెంటీమీటర్ల దగ్గర స్కెచ్ పెన్‌తో గీతలు పెట్టు. గోళీని పై కొసన, అంటే సున్నా దగ్గర, నెట్టకుండా వదిలి, ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా ఆడించి చూడు. ఎడాలు 10, 30, 50, 70 అని పెరుగుతున్నాయి, అయినా ఒక్కో ఎడం దాటడానికి గోళీకి ఇంచుమించు ఒకే కాలం, అర సెకను చొప్పున పడుతుంది. ఒకటి, మూడు, అయిదు, ఏడు. పడే రాయికీ ఇదే వరస: మొదటి సెకనులో 4.9 మీటర్లు, రెండో సెకనులో 14.7, మూడో సెకనులో 24.5. భాగించి చూడు.

ఇప్పుడు ఏ ఫార్ములా వాడాలి అనే టెన్షన్. మూడింటినీ మూడు వేరే సంగతుల్లా చూస్తున్నావు కాబట్టి ఆ భయం. లెక్క చదవగానే ఒక గ్రాఫు గియ్యి. అడ్డంగా కాలం, నిలువుగా వేగం. త్వరణం మారకపోతే అది తిన్నటి గీత. ఆ గీత వాలే త్వరణం. వేగం మొదట 'యు' దగ్గర బయలుదేరి, సెకనుకు 'ఏ' (త్వరణం) చొప్పున పెరుగుతూ, 'టీ' సెకన్లకు ఎక్కడికి చేరింది? యు + ఏటీ. మొదటి ఫార్ములా అయిపోయింది. ఆ గీత కింద ఉన్న వైశాల్యం స్థానభ్రంశం. కింద ఒక దీర్ఘచతురస్రం, దాని మీద ఒక త్రిభుజం కనిపిస్తాయి. దీర్ఘచతురస్రం యు × టీ. త్రిభుజం భూమి టీ, ఎత్తు ఏటీ, కాబట్టి వైశాల్యం ½ ఏటీ స్క్వేర్. రెండూ కలిపితే రెండో ఫార్ములా. ఆ సగం ఎక్కడి నుంచి వచ్చిందని ఇన్నాళ్ళూ అనుకుని ఉంటావు, త్రిభుజం నుంచి వచ్చింది. మూడోది, వి స్క్వేర్ − యు స్క్వేర్ = 2 ఏఎస్ (వి చివరి వేగం, ఎస్ స్థానభ్రంశం), మొదటి రెండిటిలోంచి కాలాన్ని తీసేస్తే మిగిలేది. కాబట్టి లెక్కలో కాలం ఇవ్వకపోతే, కాలం అడగకపోతే మూడోది. చివరి వేగం ఇవ్వక, అడగకపోతే రెండోది. దూరం ఊసే లేకపోతే మొదటిది. గీత తిన్నగా లేకపోతే మూడూ పనికిరావు. నీ బస్సు అంకెలకు వీటిని మొదటి నుంచి చివరి దాకా వాడలేవు, ఎందుకంటే అక్కడ త్వరణం మారుతూ పోయింది. ఈ షరతు చెప్పకుండా ఫార్ములాలు చెప్పడం నా దృష్టిలో సగం పాఠం చెప్పడమే.

మూడో ఫార్ములా గురించి ఒక మాట, మీ వయసు పిల్లలు బళ్ళు నడుపుతున్నారు కాబట్టి. ఆగాలంటే వి సున్నా, కాబట్టి ఆగే దూరం యు స్క్వేర్ మీద ఆధారపడుతుంది. బ్రేకులు 5 మీటర్ పర్ సెకండ్ స్క్వేర్ చొప్పున వేగం తగ్గిస్తాయనుకుందాం. గంటకు 40తో పోయే బండి బ్రేకు వేశాక సుమారు 12 మీటర్లకు ఆగుతుంది. 80తో పోయేది సుమారు 49 మీటర్లకు. వేగం రెట్టింపు, దూరం నాలుగింతలు. 80తో పోతున్నప్పుడు బ్రేకు మీద కాలు పడేలోపు ఒక్క సెకను ఆలస్యమైతే ఇంకో 22 మీటర్లు అదనం. మీ ఇంట్లో బండి నడిపేవాళ్ళకి ఈ లెక్క నువ్వే చేసి చూపించు.

చివరగా నీ మైనస్ 1. పై దిశ ప్లస్. మేడ అంచు నుంచి నేలకు స్థానభ్రంశం మైనస్ 29.4. పైకి ఎంత పోయింది, అక్కడి నుంచి ఎంత పడింది అని ముక్కలు చేయనక్కర్లేదు, ఒకే సమీకరణం చాలు: −29.4 = 24.5 టీ − 4.9 టీ స్క్వేర్. 4.9తో భాగిస్తే టీ స్క్వేర్ − 5 టీ − 6 = 0. నువ్వు సరిగ్గానే చేశావు, 6, మైనస్ 1. నీ రాయికి జవాబు 6 సెకన్లు. టైము సున్నాకు ముందు రాయి నీ చేతిలో ఉంది కాబట్టి మైనస్ 1 నీ రాయికి వర్తించదు, కొట్టేయడం న్యాయమే.

కానీ సమీకరణానికి నీ చెయ్యి సంగతి తెలియదు. రాయి సున్నా సెకను దగ్గర మేడ అంచున ఉంది, 24.5 వేగంతో పైకి పోతోంది అని మాత్రమే దానికి చెప్పావు. ఇలాంటి రాయి నేల మట్టాన ఎప్పుడెప్పుడు ఉంటుంది అని అడిగావు. అది రెండుసార్లూ చెప్పింది. నువ్వు విసరడానికి సరిగ్గా ఒక సెకను ముందు కింద నేల మీద నుంచి ఎవరైనా ఒక రాయిని పైకి విసిరి, అది నీ పక్క నుంచి దాటేటప్పుడు 24.5 వేగంతోనే ఉంటే, అక్కడి నుంచి ఆ రాయి, నీ రాయి జంటగా పోతాయి, జంటగా నేలను తాకుతాయి. కింద ఉన్న ఆ మనిషి ఎంత వేగంతో విసిరి ఉండాలో మొదటి ఫార్ములాలో టీ బదులు మైనస్ 1 వేసి చూడు: 24.5 + 9.8 = 34.3. ఇప్పుడు టీ బదులు 6 వేసి, నీ రాయి నేలను తాకే వేగం కట్టు: 24.5 − 58.8 = −34.3.